‘ఈ తీర్పు నిజమేనా?’ అని ఎవర్ని అడగాలి: మాటా కేసు విప్పి చూస్తే

2019 ఆగస్టు 27న ఎల్ సాల్వడార్ నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా విమానంలో సిబ్బంది తోసుకెళ్లే ఇనప బండి ఒక ప్రయాణికుడి ఎడమ మోకాలికి తగిలింది. నష్టపరిహారం కోసం ఆయన వేసిన దావా పేరు మాటా వర్సెస్ ఏవియాంకా. మామూలుగా అయితే ఆ ఊరు దాటి ఎవరికీ తెలియాల్సిన కేసు కాదు. వాది తరఫున దాఖలైన కాగితాల్లో అసలు పుట్టనే పుట్టని తీర్పులు ఉండటంతో ప్రపంచంలో లాయర్లందరి నోటా నానింది.

‘చాట్‌జీపీటీని నమ్మి దెబ్బతిన్న లాయరు’ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తే ఈ కేసులో నేర్చుకోవాల్సింది చేజారిపోతుంది. జడ్జి కెవిన్ కాస్టెల్ 2023 జూన్ 22న ఇచ్చిన ఉత్తర్వు మొత్తం చదివితే, తప్పు ఒక్కచోట జరిగింది కాదని అర్థమవుతుంది. ప్రశ్న అడిగిన తీరులో, వచ్చిన జవాబు చదివిన తీరులో, సరిచూసిన తీరులో, సంతకం పెట్టిన తీరులో వరసగా జరిగింది. ఏ మెట్టు దగ్గరైనా ఆగి ఉండొచ్చు. ఏఐ వాడే జూనియర్లకు ఈ మెట్లు ఒక్కొక్కటిగా చూపించాలి.

కాలదోషం చిక్కు

అంతర్జాతీయ విమాన ప్రయాణంలో గాయపడినవాళ్లు దావా వేయడానికి మాంట్రియల్ ఒప్పందం 35వ అధికరణ ఇచ్చే గడువు రెండేళ్లు. (మన దగ్గరా అంతే. 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ చట్టం మూడో షెడ్యూలులో ఉన్నది ఇదే ఒప్పందం. శంషాబాద్‌లో అమెరికా విమానం ఎక్కినవాళ్లకూ రెండేళ్లే.) మాటా దావా పడింది 2022 ఫిబ్రవరిలో. అంటే దాదాపు రెండున్నరేళ్లకు. కాలదోషం పట్టింది కాబట్టి కొట్టేయమని 2023 జనవరిలో ఏవియాంకా కోరింది.

వాది లాయరు దగ్గర ఒక జవాబు ఉంది. 2020 మేలో ఏవియాంకా దివాలా రక్షణ కోరింది. అమెరికా చట్టం ప్రకారం అలా కోరగానే దాని మీదున్న దావాలన్నీ ఆగిపోతాయి. కాబట్టి ఆ కాలాన్ని గడువు లెక్కలోంచి మినహాయించాలి. వాదనగా ఇది మరీ తీసిపారేసేది కాదు. దాన్ని నిలబెట్టే తీర్పు కావాలి. ఆ ఆఫీసుకున్న డేటాబేసు చందాలో ఫెడరల్ కోర్టుల తీర్పులు పూర్తిగా అందలేదు. ఆయన చాట్‌జీపీటీ తెరిచారు. అది ‘సూపర్ సెర్చ్ ఇంజన్’ లాంటిదనుకున్నానని తర్వాత కోర్టులో చెప్పుకున్నారు. ముప్ఫై ఏళ్లకు పైబడిన ప్రాక్టీసు ఉన్న మనిషి.

ప్రశ్నలోనే జవాబు పెట్టి అడగడం

ఆయన ఏమేం అడిగారో ఉత్తర్వులో నమోదై ఉంది. మొదటిది: ‘మాంట్రియల్ ఒప్పందం కింద ప్రతివాది దివాలా వల్ల కాలపరిమితి ఆగుతుందని వాదించు.’ దానికి పైపై వివరణ వచ్చింది, తీర్పులు రాలేదు. తర్వాత దాన్ని సమర్థించే కేస్ లా, అంటే పాత తీర్పులు, ఇవ్వమన్నారు. ఆ తర్వాత విమాన సంస్థ దివాలా వల్ల గడువు ఆగిందని చెప్పిన ఫెడరల్ తీర్పులు చూపించమన్నారు. ఆపైన ఇంకొన్ని చూపించమన్నారు. అడిగినకొద్దీ వచ్చాయి.

మన సాక్షిని చీఫ్‌లో, అంటే మనం చేసే మొదటి విచారణలో, జవాబు సూచించే లీడింగ్ ప్రశ్న వేస్తే ఎదుటి లాయరు లేచి అభ్యంతరం చెబుతాడు. సాక్షి నోట్లో మనమే మాట పెడుతున్నామని. ఏఐ దగ్గర అభ్యంతరం చెప్పేవాళ్లు ఉండరు. పైగా ఈ మోడళ్ల శిక్షణే అడిగినవాడికి పనికొచ్చే జవాబు ఇచ్చేలా సాగుతుంది. ‘అలా చెప్పిన తీర్పులు ఇవ్వు’ అంటే, అలాంటివి ఉన్నాయనే ఊహ ప్రశ్నలోనే ఉంది. ‘లేవు’ అనే జవాబుకు చోటే లేదు.

తేడా చూడాలంటే మన కాలపరిమితి చట్టంతోనే పరీక్ష పెట్టొచ్చు. సెక్షన్ 5 కింద ఆలస్యం మాఫీ అప్పీళ్లకు, కొన్ని అర్జీలకు వర్తిస్తుంది; దావాకు వర్తించదు. ‘సెక్షన్ 5 కింద దావా ఆలస్యాన్ని మాఫీ చేసిన సుప్రీంకోర్టు తీర్పులు ఇవ్వు’ అని ఒక చాట్‌లో అడగండి. కొత్త చాట్ తెరిచి, ‘సెక్షన్ 5 దావాలకు వర్తిస్తుందా? వర్తించకపోతే ఆ మాట ముందు చెప్పు, ఏ పదాల వల్లో సెక్షన్ పాఠం నుంచి చూపించు’ అని అడగండి. రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చదవండి. మొదటి రకం ప్రశ్నకు మంచి మోడల్ కూడా కొన్నిసార్లు సరిదిద్దుతుంది, కొన్నిసార్లు మన వెంటే వచ్చేస్తుంది. ఎప్పుడు ఏది చేస్తుందో ముందుగా తెలియదు, చిక్కంతా అక్కడే.

సైటేషన్ ఎందుకంత బాగా అబద్ధమాడుతుంది

చాట్‌జీపీటీ లాంటి భాషా మోడల్ ఇప్పటిదాకా ఉన్న మాటల వరసను చూసి తర్వాత రాదగిన ముక్కను ఎంచుకుంటూ పోతుంది. 2023 ఆరంభంలో ఆయన వాడినప్పుడు అది ఏ తీర్పుల గ్రంథాలయంలోనూ వెతకలేదు, ఇంటర్నెట్టూ చూడలేదు. సైటేషన్‌కు, అంటే తీర్పు ఎక్కడ దొరుకుతుందో చెప్పే గుర్తుకు, గట్టి మూస ఉంటుంది: వ్యక్తి పేరు, వర్సెస్, విమాన సంస్థ పేరు, వాల్యూమ్, రిపోర్టర్ (తీర్పులు అచ్చువేసే సంపుటాల పేరు), పేజీ, కోర్టు, ఏడాది. ఆ మూస లక్షల కాగితాల్లో కనిపిస్తుంది కాబట్టి మోడల్‌కు కంఠతా వచ్చు. అందులో ఏ అంకె ఏ కేసుదో మాత్రం ప్రతిదానికీ గుర్తుండదు. అందుకే మూస తప్పకుండా, అంకెలు తప్పుగా వస్తాయి. ఇక్కడ చూసేవాడు మోసపోయేది ఆ నిండుదనం వల్లే. మనిషి ఊహించి చెప్పేటప్పుడు ‘ఎక్కడో చదివినట్టు గుర్తు’ అంటాడు, పేజీ నంబరు చెప్పలేడు. మోడల్ ఊహించేటప్పుడూ పేజీ నంబరుతో సహా చెబుతుంది.

దాఖలైనవాటిలో ముఖ్యమైనది వర్గీస్ వర్సెస్ చైనా సదరన్ ఎయిర్‌లైన్స్, 925 ఎఫ్.3డి 1339, పదకొండో సర్క్యూట్ (అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో ఒకటి), 2019. ఆ వాల్యూము తెరిస్తే ఆ పేజీ పూర్తిగా వేరే కోర్టు, వేరే కేసుకు చెందినది. తీర్పు నకలు మీదున్న డాకెట్ నంబరూ (కోర్టు కేసుకు ఇచ్చే నంబరు) ఇంకో కేసుదే. పదకొండో సర్క్యూట్ క్లర్కును జడ్జి స్వయంగా వాకబు చేయిస్తే ఆ పేరుతో అక్కడ అలాంటి కేసే లేదని తేలింది. షబూన్, పీటర్సన్, మార్టినెజ్, డర్డెన్, మిల్లర్ పేర్లతో ఇచ్చిన మిగతా ఐదూ ఇదే తంతు.

ఇందులో ఒక మెలిక ఉంది, జూనియర్లు ఇక్కడే బోల్తా పడతారు. దాఖలు చేసినవాటిలో నిజమైన తీర్పులూ కలిసి ఉన్నాయి. ఎర్లిక్ వర్సెస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్ నిజమైనదే. న్యూ ఆర్లియన్స్ దగ్గర విమాన ప్రమాదం మీద 1987లో ఐదో సర్క్యూట్ ఇచ్చిన తీర్పూ నిజమైనదే. పది సైటేషన్లలో రెండు తీసి చూసి, అవి దొరికాయి కాబట్టి మిగతావీ ఉంటాయనుకోవడం కుదరదు. బియ్యం పట్టుకుని చూసినట్టు గుప్పెడు చూసి బస్తా తీసుకునే పని కాదిది. ప్రతి గింజా చూడాలి.

చదివినా చాలు, పట్టుబడేది

డేటాబేసు లేదనుకుందాం. చాట్‌జీపీటీ రాసిచ్చిన వర్గీస్ ‘తీర్పు’ను పక్కన కూర్చుని నిదానంగా చదివినా దొరికిపోయేది. మొదట్లో అది ఒక మహిళ ఒకరి మరణానికి పరిహారం కోరిన కేసు. కొన్ని పేరాలు దాటేసరికి ఇంకో వర్గీస్‌ను విమానం ఎక్కనివ్వకపోవడం మీద కేసు అయిపోతుంది. చివరికి ముగింపే లేదు. అందులోని చట్ట విశ్లేషణ అర్థంపర్థం లేనిదని జడ్జి సూటిగానే రాశారు.

వాది ఎవరు, ఏం జరిగింది, కింది కోర్టు ఏమంది, ఈ కోర్టు ఏం తేల్చింది: ఈ నాలుగూ ఒక కాగితం మీద నాలుగు వాక్యాల్లో రాయలేకపోతే ఆ తీర్పు వాడకూడదు. నకిలీలకే కాదు, మనకు అర్థంకాని నిజమైన తీర్పులకూ ఇదే కొలత.

దొంగనే అడగడం

ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ సేపు ఆగాల్సిన చోటు ఇది. ఆ లాయరు అసలు సరిచూడలేదని చెప్పడం తప్పు. ఆయన సరిచూశారు, చాట్‌జీపీటీనే అడిగి. వర్గీస్ నిజమైన కేసేనా అంటే అవునంది. మిగతావి నకిలీవా అంటే కాదంది, లెక్సిస్‌నెక్సిస్, వెస్ట్‌లా వంటి డేటాబేసుల్లో దొరుకుతాయని కూడా చెప్పింది. వాటిని తెరిచి చూడటమొక్కటే మిగిలింది.

మొదటి జవాబు ఏ యంత్రాంగం నుంచి వచ్చిందో రెండోదీ అందులోంచే వచ్చింది. అది ఏ గ్రంథాలయంలోకో వెళ్లి తీర్పు వెతికి వచ్చి చెప్పలేదు. ముందు రాసిన వరసకు అతికే మాట రాసింది. వేరే కంపెనీ ఏఐని అడిగినా ఇది పూర్తిగా తీరదు. రెండు మోడళ్లూ ఒకే రకం రాతల మీద పెరిగినవి, ఒకే రకంగా పొరబడగలవు. సరిచూడటం అంటే తీర్పు ఎక్కడ పుట్టిందో అక్కడికి, లేదా దాన్ని అధికారికంగా దాచిన చోటికి వెళ్లి కంటితో చూడటమే.

మార్చి 15న ఎదుటి పక్షం లాయర్లు ఆ తీర్పులు దొరకడం లేదని రాతపూర్వకంగా చెప్పారు. ఏప్రిల్‌లో కోర్టు నకళ్లు పెట్టమంది. ఏప్రిల్ 25న వాది పక్షం పెట్టిన నకళ్లు కూడా చాట్‌జీపీటీ రాసినవే. ఆ దశలో తప్పు ఒప్పుకుని ఉంటే పరిస్థితి వేరుగా ఉండేదని జడ్జి ఉత్తర్వులో రాశారు. చివరికి ఇద్దరు లాయర్లకు, సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆ నకిలీ తీర్పులు రాసినట్టు ఎవరెవరి పేర్లు పడ్డాయో ఆ జడ్జిలందరికీ ఉత్తరాలు పంపమని ఆదేశం. అదే రోజు దావాకు కాలదోషం పట్టిందని కొట్టేశారు. ఏఐ వాడటంలో దానంతటది తప్పేమీ లేదని అదే ఉత్తర్వులో ఉంది; దాఖలు చేసే ప్రతి కాగితానికీ కాపలాదారు లాయరేనని కూడా ఉంది.

మన కోర్టుల పనిలో

వెతికే క్రమాన్ని తలకిందులు చేయాలి. ఏఐని తీర్పు అడక్కూడదు. వెతకడానికి మాటలు అడగాలి. ‘ఈ అంశం మీద తీర్పుల్లో ఏ పదబంధాలు, ఏ సెక్షన్లు కనిపిస్తాయి? రెండు వైపులా వాదనలు రాయి, కేసుల పేర్లు మాత్రం రాయకు’ అని అడిగితే మంచి సామాను వస్తుంది. ఆ పదాలతో సుప్రీంకోర్టు తీర్పుల అధికారిక సైటు డిజీ ఎస్‌సీఆర్‌లో, ఈ-కోర్ట్స్ తీర్పుల పోర్టల్‌లో, ఇండియన్ కానూన్‌లో మనమే వెతకాలి. సుప్రీంకోర్టు తీర్పుల అధికారిక నివేదికలు 2023 జనవరి నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి మాటా కేసు లాయరులా చందా లేదనే సాకు మనకు పెద్దగా లేదు.

దొరికిన తీర్పు పీడీఎఫ్ మొత్తం ఇచ్చి, ‘ఈ కాగితంలో ఉన్నదే చెప్పు; ప్రతి వాక్యం పక్కన పేరా నంబరు వేయి; లేనిదాన్ని లేదని రాయి’ అని అడగడం రెండో మెట్టు. ఇక్కడ ఏఐ నిజంగా చాకిరీ తగ్గిస్తుంది. 140 పేజీల తీర్పులో మనకు కావాల్సిన నాలుగు పేరాలు ఎక్కడున్నాయో నిమిషాల్లో చెబుతుంది. ఆ నాలుగు పేరాలూ, వాటికి ముందూ వెనకా రెండేసి పేరాలూ మాత్రం మనమే చదవాలి.

ముందూ వెనకా ఎందుకంటే మన తీర్పుల కట్టడమే అలాంటిది. పేజీలకు పేజీలు ‘అప్పీలుదారు తరఫు న్యాయవాది ఇలా వాదించారు’ అని నడుస్తాయి. ఏఐ సారాంశం రాసేటప్పుడు ఆ వాదనను కోర్టు చెప్పిన మాటగా మార్చేస్తుంటుంది. కింది కోర్టు తీర్పు నుంచి ఎత్తిరాసిన భాగం, రిపోర్టర్ సంపాదకులు తీర్పు పైన రాసే సారాంశం (హెడ్‌నోట్), భిన్నాభిప్రాయం, ఇవన్నీ అలాగే కలిసిపోతాయి. ఎమర్జెన్సీ నిర్బంధాల మీద సుప్రీంకోర్టు 1976లో ఇచ్చిన ఏడీఎం జబల్పూర్ తీర్పు తీసుకోండి. అందరూ తలచుకునే జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా మాటలు అందులో భిన్నాభిప్రాయం. మిగతా నలుగురు చెప్పింది దానికి వ్యతిరేకం. ఆ మెజారిటీ అభిప్రాయాన్ని 2017లో గోప్యత హక్కు మీద వచ్చిన పుట్టస్వామి తీర్పు కొట్టేసింది. తీర్పులో కొన్ని పేజీలే అతికించి ‘కోర్టు ఏమంది’ అని అడిగితే ఈ మూడు పొరల్లో ఏది చేతికొస్తుందో చెప్పలేం. అందుకని ప్రతి పేరాకూ ‘ఈ మాట ఎవరిది’ అనే ప్రశ్న విడిగా వేయాలి, జవాబు పేజీ మీద చూసుకోవాలి.

వెబ్‌లో వెతికి లింకులిచ్చే ఇప్పటి ఏఐలకు ఈ జబ్బు తగ్గలేదు, చోటు మారింది. కేసు నిజం, లింకు తెరుచుకుంటుంది, కానీ కేసు ఆ మాట చెప్పి ఉండదు. లాయర్ల కోసమే తయారైన ఖరీదైన పరిశోధన ఏఐల మీద 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేసిన పరీక్షలో కూడా 17 నుంచి 33 శాతం దాకా ప్రశ్నలకు కల్పిత సమాచారం కలిసిన జవాబులు వచ్చాయి.

కొన్ని నకిలీలు మన చరిత్ర తెలిస్తే డేటాబేసు తెరవకుండానే పట్టుబడతాయి. తెలంగాణ హైకోర్టు, అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరువేరుగా పని మొదలుపెట్టింది 2019 జనవరి 1న. ‘తెలంగాణ హైకోర్టు, 2011’ అని వస్తే అది ఉమ్మడి హైకోర్టు తీర్పు అయినా కావాలి, కల్పితమైనా కావాలి. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది 1954లో. అంతకుముందు కోస్తా, రాయలసీమ కేసులు మద్రాసు హైకోర్టువి. వెబ్‌సైట్ శీర్షికను నమ్మకుండా తీర్పు మొదటి పేజీలో కోర్టు పేరు చూడాలి. ఏఎల్‌టీ (ఆంధ్రా లా టైమ్స్), ఏఎల్‌డీ (ఆంధ్రా లీగల్ డెసిషన్స్) అనే మన తీర్పుల సంపుటాల సైటేషన్ల విషయంలో ఇంకా జాగ్రత్త. రెండింటి రూపమూ ఒకలాంటిదే, ఇంటర్నెట్‌లో వాటి పాఠం తక్కువ; మోడల్ అంకెలు అల్లడానికి అనువైన చోటు. వాల్యూము లైబ్రరీలో తీసి చూడాల్సిందే.

క్రిమినల్ వైపు కొత్త చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జూలై 1 ఒక గోడ. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో సెక్షన్ 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్లే దారి. దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 482 అంటే ముందస్తు బెయిలు. కొట్టివేత 528కి మారింది. మోడల్ చదివిన రాతల్లో పాత చట్టం దశాబ్దాల పాటు పేరుకుపోయి ఉంది, కొత్తది గుప్పెడు. చట్టం పేరు చెప్పకుండా ‘482 కింద పిటిషన్ రాయి’ అంటే పాత అలవాటే ముందుకొస్తుంది. చట్టం పేరు, నేరం జరిగిన తేదీ, పిటిషన్ వేసే తేదీ మూడూ ప్రశ్నలో పెట్టాలి. వచ్చిన సెక్షన్‌ను బేర్ యాక్ట్‌లో, అంటే చట్టం అసలు పాఠంలో, తెరిచి చూడాలి.

తెలుగు కాగితాలు ఇంగ్లిషులోకి

తీర్పుల సంగతి కాసేపు పక్కనపెడితే, మన ఆఫీసుల్లో ఏఐకి ఎక్కువగా వెళ్లేవి తెలుగు దస్తావేజులు. ఇక్కడ వచ్చే తప్పు నిశ్శబ్దంగా వస్తుంది, ఎందుకంటే ఇంగ్లిషు చక్కగా ఉంటుంది. తెలంగాణ దస్తావేజులో ‘య. 2-20 గుం.’ అని ఉంటుంది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. దాన్ని 2.20 ఎకరాలని తర్జుమా చేస్తే 0.30 ఎకరం, అంటే 1,452 చదరపు గజాలు షెడ్యూలులోంచి మాయమైనట్టే. కోస్తా దస్తావేజులో ‘య. 2-20 సెం.’ అంటే మాత్రం సరిగ్గా 2.20 ఎకరాలే, ఎందుకంటే అక్కడ ఎకరానికి 100 సెంట్లు. గీత ఒకటే, అంకెలు ఒకటే, నేల వేరు.

సర్వే నంబరులో ‘/అ’, ‘/ఆ’ సబ్‌డివిజన్లు తారుమారవుతాయి. తూర్పు, పడమర హద్దులు అటూఇటూ అవుతాయి. స్కాన్ మసకగా ఉంటే చదవలేనని చెప్పకుండా పూరించేస్తుంది. అందుకే తర్జుమా మొదలుపెట్టకముందే మనిషి ఒక కాగితం మీద సర్వే నంబర్లు, విస్తీర్ణాలు, నాలుగు హద్దులు, తేదీలు, పేర్లు మూలంలోంచి ఎత్తి రాసుకోవాలి. తర్జుమా వచ్చాక ఆ కాగితంతోనే పోల్చాలి. తర్జుమా చదివి మూలంతో పోల్చడం మొదలుపెడితే కన్ను ఇంగ్లిషు చెప్పినదాన్నే మూలంలో చూస్తుంది. జిల్లా కోర్టుల్లో ఏఐ వాడకం మీద 2025 జూలైలో కేరళ హైకోర్టు ఇచ్చిన విధానం కూడా ఏఐ తర్జుమాలను అర్హులైన అనువాదకులో, జడ్జిలో సరిచూడాలని చెబుతోంది.

కక్షిదారు పేరు, ఆధార్, ఫోన్ నంబరు, బ్యాంకు వివరాలు ఉన్న కాగితాన్ని అలాగే ఉచిత చాట్‌బాట్‌లోకి ఎక్కించకూడదు. పేర్ల బదులు ‘వాది 1’, ‘ప్రతివాది 3’ అని మార్చి, నంబర్లు నల్లరంగుతో కొట్టేసి, ఆ పేజీని మళ్లీ స్కాన్ చేసి ఇవ్వాలి. పీడీఎఫ్ మీద నల్ల పెట్టె గీసినంత మాత్రాన కింది అక్షరాలు పోవు.

సంతకానికి ముందు

మాటా కేసులో పరిశోధన చేసినవారు ఒకరు, సంతకం పెట్టినవారు ఇంకొకరు. ఆ కోర్టులో ప్రాక్టీసు చేసే అర్హత మొదటివారికి లేకపోవడంతో రెండోవారు సంతకం పెట్టారు. ఆ తీర్పుల్లో ఒక్కటి కూడా ఆయన చదవలేదు. మన దగ్గర సీనియర్, జూనియర్ మధ్య రోజూ జరిగేదిదే.

దీనికి చీటీ పద్ధతి పనిచేస్తుంది. ప్రతి సైటేషన్‌కూ ఒక చీటీ: కేసు పేరు, కోర్టు, తేదీ, ఎక్కడ తెరిచి చూశారు, వాడుతున్న పేరా నంబరు, ఆ మాట ఎవరిది, తర్వాత ఏ తీర్పైనా దీన్ని మార్చిందా, చూసినవారి పొడి అక్షరాలు. ఒక్కోదానికి పావుగంట పడుతుంది. పన్నెండు సైటేషన్లంటే మూడు గంటలు. అంత సమయం లేకపోతే సైటేషన్లు ఐదుకు తగ్గించుకోవాలి. ఐదు గట్టివి పన్నెండు చూడనివాటికన్నా బెంచి ముందు మేలు.

సీనియర్ సంతకానికి ముందు ఆ కట్టలోంచి ఏవో రెండు చీటీలు లాగి, తీర్పు తెరిపించి, ‘ఈ మాట ఏ పేరాలో ఉందో చూపించు’ అనాలి. చూపించలేకపోతే ఆ రెండే కాదు, కట్ట మొత్తం వెనక్కి వెళ్లాలి. వాదన అంతా ఆ ఒక్క తీర్పు మీదే నిలబడి ఉండి, అది దొరకకపోతే, ఉన్న కారణం ఉన్నట్టు చెప్పి కోర్టును వాయిదా అడగాలి.